ఎవురి పాపవుమ్మా నువ్వు?

ప్రొద్దుటూరు దగ్గర రాజుపాలెంలో బస్సు దిగి నాన్న వాళ్ల వీధి మలుపు తిరిగేలోపు ముగ్గురు ఆడవాళ్లు నన్ను ఆపారు. ముగ్గురూ అడిగింది ఒకటే: "ఎవురి పాపవుమ్మా నువ్వు?" నా పేరు చెప్తే వాళ్లకేమీ అందలేదు. నాన్న పేరు చెప్పినా కాసేపు ఆలోచించారు. "నడిపాయన కూతుర్ని" అనగానే మొహాలు విప్పారాయి. పెద్దదానివా చిన్నదానివా, అమ్మ రాలేదా, ఇంత ఎండలో ఎట్లొస్తివి అని ప్రశ్నలన్నీ ఒక్కసారే. ఆ ఆప్యాయత అబద్ధం కాదు. కానీ నేనొచ్చిన పని ఆ ప్రశ్నలతోనే కష్టమైపోయింది. నాన్నను పెంచిన ఆయన జేజి పేరు కనుక్కోవాలని వచ్చాను నేను.

చిన్నాయన కొడుకు పెండ్లి మూడు రోజులూ అడుగుతూనే ఉన్నాను. "జేజికి పేరేంది? జేజే!" అని చిన్నమ్మ నవ్వింది. "అందరూ నడిపక్క అంటాండిరి" అంది మేనత్త. అటక మీది ఇత్తడి బిందె మీద పేరు చెక్కి ఉంటుందని ఎవరో అంటే దింపించాం. ఉంది. బిందె పెట్టిన ఆమె అన్న పేరు.

అప్పుడు గుర్తొచ్చింది పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే'. 1995లో వచ్చిన సంపుటికీ అదే పేరు. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు మరిచిపోయిన గృహిణి కథ. మనలో చాలామంది క్లాసుల్లో పాఠంగా చెప్పిన కథ. మనం చెప్పే తీరు కూడా ఖాయమైపోయింది: పెళ్లి పేరును మింగేసింది, సంసారం మనిషిని చెరిపేసింది. తప్పు కాదు. కానీ ఈ పాఠంలో ఒక సన్నివేశాన్ని తొందరగా దాటేస్తున్నామని నాకిప్పుడనిపిస్తోంది. ఆమె పేరు వెతుక్కుంటూ పుట్టింటికి వెళ్తుంది. కన్నతల్లి కూడా ఆ పేరు చేతికివ్వదు. పెద్ద కూతురివి, చదివించాం, పెళ్లి చేశాం, ఇలా చెప్తుందే తప్ప పేరు రాదు. అత్తిల్లు దోచుకుంది, పుట్టిల్లు దాచిపెట్టింది అనే మన ఓదార్పు అక్కడ కూలిపోతుంది. చివరికి "శారదా" అని పిలిచేది ఎవరు? చిన్నప్పటి స్నేహితురాలు. వరసలేని మనిషి. సత్యవతి గారు పేరును చుట్టరికం చేతిలో కాకుండా స్నేహం చేతిలో ఎందుకు పెట్టారో విమర్శకులు ఇంకా గట్టిగా అడగవలసింది.

అలాగని వరసపిలుపే దోషి అనేద్దామా? దగ్గర దగ్గర అనేశాను కూడా. ఆపింది ఒక వియత్నాం పుస్తకం. లె లీ హేస్లిప్ 1970లో అమెరికా వెళ్లి, 1986లో పుట్టింటివాళ్లను చూడడానికి తిరిగి వచ్చింది. ఆ రాకనూ యుద్ధంలో గడిచిన బాల్యాన్నీ కలిపి 1989లో ఆత్మకథ అచ్చువేసింది. 1993లో ఆలివర్ స్టోన్ సినిమా తీశాక గానీ చాలామందికి ఆమె సంగతి తెలియలేదు. మధ్య వియత్నాంలోని ఆ ఇంట్లో పిల్లల్ని పుట్టిన వరుసను బట్టి అంకెలతో పిలుస్తారు. లెక్క రెండు నుంచి మొదలు. అందుకే ఆరో సంతానమైన ఈమె 'బై లీ', అంటే ఏడో లీ. మన పెద్దక్క, నడిపక్క, చిన్నక్కల్లాంటిదే. పుస్తకం అట్ట మీద ఉన్న హేస్లిప్ అమెరికన్ భర్త ఇంటిపేరు. పుట్టింటివాళ్ల దగ్గర మాత్రం ఆమె మళ్లీ బై లీయే. పదహారేళ్ల తర్వాత వచ్చిన కూతురికి ఆ అంకె అవమానం కాదు, ఇంట్లో ఖాళీగా ఉంచిన చోటు. పైగా ఆ అంకె ఆమె అన్నలకూ ఉంది.

మా ఊళ్లోనూ అంతే కదా, నాన్న నడిపాయనే. అయినా నాన్న పేరు పోలేదు. పట్టాదారు పాసుపుస్తకంలో ఉంది, బడి రిజిస్టరులో ఉంది. ప్రొద్దుటూరు నగల దుకాణంలో అప్పు చీటీ మీద కూడా ఉండే ఉంటుంది. జేజికి వరసపిలుపు తప్ప ఇంకో చోటు లేదు. పేరును చెరిపింది పిలుపు కాదు, పేరు రాసుకోవడానికి ఒక్క కాగితమూ లేకపోవడం. 1951-52 మొదటి ఎన్నికల్లో ఫలానావాడి భార్య, ఫలానావాడి కూతురు అనే తప్ప సొంత పేరు చెప్పని దాదాపు 28 లక్షల మంది స్త్రీలను ఓటర్ల జాబితా నుంచి తీసేశారు. వాళ్లలో ఎక్కువమంది ఉత్తరాదివాళ్లు. ఆ లెక్క చదివినప్పుడల్లా, అధికారి ముందు మా జేజి ఏం చెప్పి ఉండేదా అనుకుంటాను. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా అని మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది. అప్పటికే పెళ్లయిన వాళ్లకు అది అందలేదు. మా మేనత్త వాళ్లలో ఒకరు. ఆమె పేరు నాకు తెలుసు, కానీ ఆ ఇంటి కాగితాల్లో వెతికితే పెండ్లిపత్రిక ఒక్కటే దొరికింది.

కేతు విశ్వనాథరెడ్డి గారు కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద పరిశోధన చేసి డాక్టరేట్ పొందారు. రాజుపాలెంలో రాజు ఎవరో, పాలెం ఎట్లయిందో తవ్వే పద్ధతి మనకుందన్నమాట. ఆ ఊరి ఆడమనిషి పేరు తవ్వడానికి నాకు సత్యవతి గారి కథే పద్ధతిగా కనిపించింది: చుట్టాలను వదిలి స్నేహితురాలిని వెతకడం.

జేజితో కలిసి పత్తి తీయడానికి పోయినవాళ్లు ఇద్దరే మిగిలారు. అప్పట్లో చిన్న కోడళ్లు. ఒకామెకు వినపడదు. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు నిమిరింది. ఇంకొకామె ప్రొద్దుటూరులో కూతురి దగ్గర ఉంటోందట. తిరుగు ప్రయాణంలో దిగి కలుస్తాను, ఆమె పేరేమిటి, ఇల్లెక్కడ అని చిన్నమ్మను అడిగాను.

చిన్నమ్మ ఆమె అల్లుడి పేరు చెప్పింది.