దాగిన కొవ్వుకు లెక్క కట్టే పనితనం
కర్నూలు, కడప వంటిళ్లలో శెనక్కాయ నూనె లేనిదే తిరగమోత పడదు. ఆ నూనెనూ జొన్నరొట్టెనూ ఒకే పద్దులో వేసి చూడాలన్నారు హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్త గఫూరున్నీసా. గరిటెతో పోసేదే కాదు, ధాన్యంలో, పప్పులో, ఆకుకూరలో దాగిన కొవ్వూ లెక్కలోకి రావాలని ఆమె పరిశోధనలు చెప్పాయి.

ఆ దాగిన కొవ్వును కొలవడం చెయ్యి తిరిగితేనే సాగే పని. రొట్టె పొడిని రెండు పాళ్ల క్లోరోఫాం, ఒక పాలు మిథనాల్‌లో కలిపి కొవ్వును లాగుతారు. 1957లో ఫోల్చ్ బృందం ప్రకటించిన పద్ధతి. ఉప్పునీళ్లు కలిపితే ద్రవం రెండు పొరలవుతుంది. కొవ్వు కింది పొరలో దిగుతుంది. గాలి సోకితే చెడుతుంది కనుక నైట్రోజన్ ఊదుతూ ఆరబెడతారు. ఆపైన గ్యాస్ క్రొమాటోగ్రాఫ్ ఒక్కో కొవ్వు ఆమ్లాన్నీ కాగితంపై ఒక్కో శిఖరంగా గీస్తుంది.

ఇలా కొలిచి చూస్తే, శెనక్కాయ నూనెలో ఒమేగా-6 రకం లినోలిక్ ఆమ్లం దండిగానే ఉంటుంది. ఒమేగా-3 మాత్రం దాదాపు సున్నా. నూనెలు మార్చి మార్చి వాడమని పోషకాహార నిపుణులు చెప్పేది అందుకే.

వనస్పతిలోని ట్రాన్స్ కొవ్వుల మీదా గఫూరున్నీసా పనిచేశారు. 2022 జనవరి నుంచి దేశంలో నూనెలు, కొవ్వుల్లో అవి 2 శాతం మించకూడదు. డబ్బా కొనేముందు లేబుల్ మీద ఆ అంకె చూడండి.