కోసిన కణితి మీద గాజు పలక

అండాశయంలో కణితి ఉందని స్కానింగులో తేలినా, ఆపరేషన్ చేయగలిగేలా ఉంటే ముందుగా దానిలోకి సూది గుచ్చి చూడరు. రొమ్ము గడ్డకూ థైరాయిడ్ గడ్డకూ నిశ్చింతగా చేసే పని ఇక్కడ ప్రమాదం. అది కేన్సరై, పైపొర చిట్లి లోపలిది పొట్టలోకి ఒలికిందంటే, ఒక్క అండాశయం దాటని 1ఏ దశ జబ్బు 1సీ అయి కూర్చుంటుంది. అందుకని అసలు ప్రశ్న ఆపరేషన్ బల్ల దాకా ఆగుతుంది. కణితి తీసి పంపాక థియేటర్లో అందరూ పాథాలజిస్టు కబురు కోసం చూస్తుంటారు. ఇంకా పిల్లలు పుట్టని అమ్మాయికి రెండో అండాశయం, గర్భసంచి ఉంచుతారా తీసేస్తారా అన్నది చాలావరకు ఆ కబురుని బట్టే.

ఈ అవసరానికి పేరుపడ్డది ఫ్రోజెన్ సెక్షన్. ముక్కను మంచులా బిగిసేలా చేసి, పలచగా కోసి, రంగు వేసి చూసే ఆ పద్ధతిని 1905లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో లూయీ విల్సన్ వాడుకలోకి తెచ్చారు. ఇప్పుడు దానికి క్రయోస్టాట్ అనే ఖరీదైన యంత్రం, చెయ్యి తిరిగిన టెక్నీషియన్ కావాలి. రెండూ అన్ని ఊళ్లలో దొరకవు. లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రికి చెందిన డడ్జన్, ప్యాట్రిక్ 1927లో ఇంకో దారి చూపారు. కోసిన కణితిని కత్తితో గీకి, వచ్చినదాన్ని గాజు పలక మీద పరిచి పరీక్షించిన 200 కేసుల వివరాలు ప్రకటించారు. యంత్రం లేదు, మంచు లేదు.

గీకినా, పలకనే కణితికి అద్దినా, చూడ్డానికి సులువే. కానీ నా దృష్టిలో సగం రోగనిర్ధారణ మైక్రోస్కోపు దాకా రాకముందే అయిపోతుంది. పలక ఎక్కడ అద్దాలో కన్ను చెప్పాలి. గట్టిగా ఉన్నచోట, తిత్తి లోగోడ మీద మొగ్గల్లా లేచినచోట అద్దాలి. కుళ్లినచోట, రక్తం కమ్మినచోట అద్దితే చచ్చిన కణాలే వస్తాయి. ముందు కోసిన ముఖం మీది నెత్తురు ఒత్తి తీస్తారు. పలకను నిటారుగా ఆనించి, జరపకుండా ఎత్తాలి. పక్కకు లాగితే కణాలు నలిగిపోతాయి. గట్టి కణితైతే గీకుతారు. మెత్తని తునకైతే రెండు పలకల మధ్య నొక్కుతారు. ఒక పలకను తక్షణం 95 శాతం ఆల్కహాల్‌లో ముంచుతారు, క్షణాలు ఆలస్యమైనా కేంద్రకాల వివరం మసకబారుతుంది. ఇంకో పలకను కావాలనే గాలికి ఆరనిచ్చి గీమ్సా రంగు వేస్తారు. కొన్ని నిమిషాల పని.

ఆ రెండో పలక విలువ డిస్‌జెర్మినోమాలో తెలుస్తుంది. ఎక్కువగా చిన్న వయసు ఆడపిల్లల్లో వచ్చే కేన్సర్ ఇది. పెద్ద గుండ్రటి కణాలు, వాటి మధ్య లింఫోసైట్లు, వెనకంతా పులిచారల్లాంటి నేపథ్యం గీమ్సాలో స్పష్టంగా తేలతాయి. కీమోకు బాగా లొంగే జబ్బు కాబట్టి రెండో అండాశయం మామూలుగా ఉంటే సాధారణంగా దాన్నీ, గర్భసంచినీ కాపాడుకోవచ్చు. గ్రాన్యులోసా కణితిలో కేంద్రకాల మీద కాఫీ గింజ గీతలాంటి గాడి కనబడుతుంది. ఉంగరం ఆకారపు కణాలు కనబడితే మాత్రం పాథాలజిస్టు వెంటనే సర్జన్ను కడుపు, పేగులు చూడమంటారు. జబ్బు పుట్టినచోటు అండాశయం కాకపోవచ్చు. డెర్మాయిడ్‌లో జుట్టు, కొవ్వు కంటికే కనిపిస్తాయి. అయినా గట్టిగా ఉన్న భాగాన్ని వదిలేయకూడదు.

ఫైబ్రోమాలాంటి నార కణితులు ఎంత గీకినా కణాలు సరిగ్గా ఇవ్వవు. అసలు చిక్కు బార్డర్‌లైన్ కణితులతో. మామూలుదానికీ కేన్సర్‌కూ మధ్య నిలిచే వీటిలో, కణాలు పక్క కణజాలంలోకి చొరబడ్డాయా లేదా అన్నదే తేల్చాల్సిన విషయం. విడివిడిగా ఊడివచ్చిన కణాలు ఆ సంగతి చెప్పలేవు. పెద్ద మ్యూసినస్ కణితిలో ఒక మూల మామూలుగా, ఇంకో మూల కేన్సర్‌గా ఉండొచ్చు గనక ఫ్రోజెన్ సెక్షన్ కూడా అక్కడ పొరబడుతుంది. అందుకే రెండు పద్ధతులూ ఉన్నచోట ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తారు. అద్దిన పలకకు ముక్క ఖర్చు కాదు, అదే ముక్క తర్వాత పారాఫిన్ మైనంలో పెట్టి చేసే పూర్తి పరీక్షకు పోతుంది.

తేలనప్పుడు పాథాలజిస్టు "కనీసం బార్డర్‌లైన్" అంటారు, లేదా పారాఫిన్ రిపోర్టు దాకా ఆగమంటారు. పిల్లలు కావాలనుకునే అమ్మాయికి అలాంటప్పుడు జబ్బున్న అండాశయం వరకే తీసి, పొట్ట లోపల అనుమానంగా ఉన్నచోట్ల ముక్కలు తీసుకుని కుట్లు వేయడం మేలు. రిపోర్టులో కేన్సరని తేలితే రెండో ఆపరేషన్ చేయొచ్చు. తీసేసిన గర్భసంచిని మాత్రం తిరిగి పెట్టలేరు.