ఎండలో సన్నాయి

సంగీత విమర్శకులు కచ్చేరీల గురించి రాస్తారుగాని పందిళ్ల గురించి రాయరు. కారణం లేకపోలేదు. సభలో పంకాలు తిరుగుతూ వుంటాయి, కుర్చీలు వరసగా వుంటాయి, శ్రోత నోరు మూసుకుని కూచుంటాడు. అక్కడ విన్న పాటని తూచడం తేలిక. తాటాకు పందిట్లో, చైత్రమాసపు మిట్టమధ్యాహ్నం, పానకం గ్లాసుల చప్పుడు మధ్య విన్న సంగీతాన్ని ఏ రాళ్లతో తూచాలి? సభలో వాడే రాళ్లు ఇక్కడ పనికిరావని నా వాదన.

గుంటూరు జిల్లాలో కాకుమాను వైపు శ్రీరామనవమి నాటికి మినుము కూడా ఇంటికి చేరి, నల్లరేగడి చేలు నోళ్లు తెరుచుకుని వుంటాయి. రాముడు పుట్టింది మధ్యాహ్నం గనక కల్యాణమూ ఆ వేళకే చేస్తారు. అంచేత మేళం కూడా ఎండలో మోగక తప్పదు. చల్లబడిందాకా ఆగవయ్యా అని పెళ్లికొడుకుతో అనలేం గదా!

ఆ యెండకి వాద్యాలన్నీ ఒకే తీరుగా లొంగవు. వేడికి ఫిడేలు తీగ సాగి శ్రుతి దిగుతుంది. సన్నాయి గొట్టంలో గాలి వేడెక్కితే శ్రుతి పైకి పోతుంది. పొడి ఎండకి డోలు చర్మం బిగుసుకుని మరో దారి పడుతుంది. పదింటికి కుదిరిన శ్రుతి పన్నెండింటికి కుదరదు. అటువైపు ఒక పందిట్లో ఇదంతా చెవులారా విన్నాను. ఫిడేలాయన పాటపాటకీ బిరడాలు తిప్పుకుంటూనే వున్నాడు. పాపం, ఆయన తప్పేమీ లేదు. సన్నాయి ఆయనకి తిప్పుకోడానికి బిరడాలే లేవు. పీక మార్చి, పెదవి బిగువు సర్దుకుని, ఊపిరితోనే స్వరాన్ని దారికి తెచ్చుకున్నాడు. తర్వాత మధ్యమావతి ఎత్తుకున్నాడు. మధ్యాహ్నానికి తగిన రాగమని పెద్దలు చెప్పిన రాగం. తొందర లేదు. ఒక్కొక్క స్వరం దగ్గిరా ఆగి, దాన్ని కాస్త వూపి, వదిలిపెట్టాడు. విసనకర్రలు మాత్రం ఆగలేదు. అయినా వాటి వేగం తగ్గిందని నాకనిపించింది.

ఆ సుఖం ఎంతోసేపు నిలవలేదు. మైకు కుర్రాడు వచ్చి గొట్టానికి జానెడు దూరంలో మైకు నిలబెట్టాడు. అంతే, మధ్యమావతి రేకుడబ్బాలో పడ్డట్టయింది. గమకాలన్నీ కలిసి ఒకే కేక అయినాయి. జనం ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. "బాగా వినపడుతోందా?" అని కార్యకర్త ఒకాయన అడిగితే, "ఆఁ, చేలోకి కూడా వినపడుతోందండీ" అని జవాబొచ్చింది. చేలో వినేవాడెవడో!

సన్నాయి పుట్టిందే ఆరుబయట మోగడానికి. దానికి మైకు సాయమేమిటి? పగలు నేలని ఆనుకున్న గాలి వేడిగాను, పైగాలి చల్లగాను వుంటుంది. అందువల్ల శబ్దం పైకి వంగిపోతుంది, ఎక్కువ దూరం సాగదు. రాత్రిళ్లు నేల చల్లబడి ఈ సంగతి తిరగబడుతుంది. శబ్దం కిందికి వంగి, చేలమీదుగా పక్క వూరికి పోతుంది. పద్యనాటకాలూ ఊరేగింపులూ రాత్రికి అమిరినట్టు పగటికి అమరకపోవడానికి ఇదీ ఒక కారణమే. పగటి సంగీతం దగ్గిర కూచుని వినవలసిన సంగీతం. దాన్ని దూరానికి పంపాలని చూస్తే దూరానికీ దక్కదు, దగ్గిరకీ దక్కదు.

లోపం మైకుదే అంటే అన్యాయం. గట్టిమేళం తాళి కట్టే క్షణానికి ఏర్పడింది. ఆ క్షణంలో మరో మాట చెవిన పడకూడదని దాని ఉద్దేశం. మనం సన్నాయిని పొద్దస్తమానం గట్టిమేళంగానే వాడుకుంటున్నాం. వాద్యగాళ్లు కూడా, ఎవరూ వినరన్న ధైర్యంతో, అరరాగం వాయించి సినిమా పాటలోకి దూకుతున్నారు. ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. నష్టపోయింది రాగం.

ఈ నష్టం చిన్నది కాదు. రాముడి పెళ్లికి సన్నాయి వూదిన ముస్లిం కుటుంబాలు ఈ గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో తరతరాలుగా వున్నాయి. షేక్ చినమౌలానా గారు 1924లో ఒంగోలు దగ్గిర కరవదిలో పుట్టారు. చిలకలూరిపేట ఆదం సాహెబు గారి దగ్గిర నేర్చుకున్నారు. తంజావూరు బాణీ మీద మనసుపడి అటు వెళ్లి, చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి ఆయనకి దక్కినాయి. 1999లో కన్నుమూశారు. ఆయన శిష్యులు మహబూబ్ సుబానీ, కాలీషాబీ దంపతులకి 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు, జాబితాలో వారి పేర్ల పక్కన రాష్ట్రం తమిళనాడు అని పడింది. ఇందులో తమిళులమీద ఫిర్యాదేమీ లేదు. వినే చెవులున్న చోటికి నాదం పోయింది, అంతే.

పందిరి పెద్దలకి నా మనవి ఒక్కటే. వచ్చే నవమికి తలంబ్రాలకి ముందు ఒక్క అరగంట మైకు కట్టేయించండి. మేళగాళ్లని మూలనించి పిలిచి, పందిరి నడిమధ్యన చాప వేసి కూచోబెట్టండి. ఒక్క రాగం చాలు, తీరిగ్గా వాయించమనండి. వినదలచినవాళ్లు చాప దగ్గిరికి జరుగుతారు. దూరాన వున్నవాళ్లకి ఎలాగూ పానకం వుంది.