తాళంచెవిలో నల్ల బిళ్ల
1986లో షెవర్లే కార్వెట్‌తో జనరల్ మోటార్స్ తెచ్చిన తాళంచెవిలో చిన్న నల్ల బిళ్ల ఉంటుంది. అది రెసిస్టర్, విలువలు 15 రకాలు. కారుకు తెలిసిన విలువ అందకపోతే స్టార్టర్ తిరగదు. ఇలాంటి పాతబండి మొరాయిస్తే తొందరపడి బ్యాటరీనో స్టార్టర్‌నో మార్చేస్తారు. పని తెలిసిన మెకానిక్ ముందు మల్టీమీటర్ తీస్తాడు. బిళ్లను శుభ్రంగా తుడిచి ఓమ్‌లు కొలుస్తాడు. తర్వాత డ్యాష్‌బోర్డు కింది కనెక్టర్ దగ్గర, తాళం తిప్పుతూ మళ్లీ కొలుస్తాడు. బిళ్ల మీద నిలకడగా ఉన్న అంకె అక్కడ ఎగిరిపడితే, స్టీరింగ్ కాలమ్‌లో ఏళ్ల తరబడి మెలిపడ్డ సన్నతీగే దోషి. ఊహతో కాక కొలతతో తేల్చే ఈ ఓపిక నాకెంతో గొప్పగా తోస్తుంది.

ఇంత శ్రమెందుకు, ఆ కనెక్టర్ దగ్గరే అదే విలువ గల రెసిస్టర్ తగిలిస్తే పోదా అనొచ్చు. బండి కదులుతుంది, నిజమే; దొంగకున్న అడ్డూ తొలగిపోతుంది. అందుకే మంచి పనివాడు ముందు ఆ సన్నతీగలున్న తాళం సిలిండర్ మార్చడానికే చూస్తాడు, అది దొరకనప్పుడే యజమానికి సంగతంతా చెప్పి రెసిస్టర్ పెడతాడు.