మగ్గం పక్కన గోపాలరత్నం

ఎమ్మిగనూరులో మా అవ్వ మగ్గం గుంటలో కూచొని నాడె ఆడిస్తుంటే, గూట్లో రేడియో పాడేదట. శ్రీరంగం గోపాలరత్నం గొంతు వినబడితే అవ్వ చెయ్యి ఆగేదని అమ్మ చెప్తుంది. నేను ఆ గొంతును ఆదోనిలో, అమ్మ దాచుకున్న క్యాసెట్లో విన్నాను. సగం కన్నడం కలిసిన మా ఇంటి తెలుగుకీ ఎంకి పాటల పలుకుబడికీ చాలా దూరం. అయినా అవ్వకి అర్థమైంది. ఎట్లా?

ఓ సెమినార్లో ఈ మాట ఎత్తితే, "ఆమె పినాకపాణిగారి శిష్యురాలమ్మా" అని ఒక పెద్దాయన తేల్చేశారు.

శిష్యురాలే. విజయనగరం ప్రాంతంలో 1939లో పుట్టిన గోపాలరత్నం, శ్రీపాద పినాకపాణిగారి దగ్గర నేర్చుకున్నారు. కర్నూలు వైద్య కళాశాలలో పనిచేసి, ఆ ఊళ్ళోనే స్థిరపడిన ఆ డాక్టరుగారంటే మా జిల్లా వాళ్ళందరిలాగే నాకూ గౌరవం. నేదునూరి, నూకల, వోలేటి కూడా ఆయన శిష్యులే. అయితే వాళ్ళ గురించి రాసేటప్పుడు గురువు దగ్గర మొదలై వాళ్ళ సొంత బాణీ దాకా వెళ్తాం. ఈమె దగ్గరికొచ్చేసరికి గురువు దగ్గరే ఆగుతాం, లేదా 'తీయని గొంతు' అని సరిపెడతాం. గొంతు పుట్టుకతో వచ్చేది, బాణీ సాధించుకునేది. స్త్రీకి మొదటిది ఒప్పుకుని రెండోది ఒప్పుకోకపోవడం మన విమర్శకు అలవాటు.

విజయవాడ రేడియోలో ఆమె పాటను వినండి. సభలో పాట ఆఖరి వరస దాకా చేరాలి. రేడియో పాట ఒక గదిలో, పని చేసుకుంటున్న ఒక మనిషి చెవిన పడితే చాలు. ఆమె ఈ తేడా తెలిసి పాడారు. గమకాన్ని అదుపులో పెట్టి మాటను ముందుకు తెచ్చారు. 1925లో అచ్చయిన నండూరి సుబ్బారావు ఎంకి, ఒక మగవాడు ఊహించిన పల్లెపడుచు. గోపాలరత్నం ఆ ఎంకిచేత ముద్దుమాటలు పలికించలేదు, పల్లెతనం నటించలేదు. శాస్త్రీయ సాధన ఇచ్చిన నిబ్బరాన్ని ఆమెకిచ్చారు. అవ్వ పోల్చుకున్నది ఆ నిబ్బరాన్నేనని నా నమ్మకం.

రేడియో ఆడవాళ్ళందరినీ ఒకేలా ఆదరించలేదన్నదీ మరవకూడదు. 1940లలో 'నడవడి' పేరుతో కొందరు గాయనులకు తలుపులు మూసిన ఆకాశవాణే, తర్వాత 'కుటుంబ స్త్రీల' గొంతులకు తెరుచుకుంది. ఆ వెసులుబాటు ఎవరిని బయట నిలబెట్టిందో అడగకుండా ఈమె గెలుపును లెక్కకట్టలేం.

హైదరాబాద్ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు ఆమె ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. 1992లో పద్మశ్రీ వచ్చింది, 1993లో చనిపోయారు. బిరుదులు పుస్తకాలకెక్కుతాయి, తరగతిగదిలో చెప్పిన పాఠం ఎక్కదు. అవ్వ నేసిన చీర మీద అవ్వ పేరు లేనట్టే.

ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. ఆమె గురువెవరో మనకి తెలుసు. ఆమె ఏం నేర్పారో, ఎట్లా నేర్పారో వాళ్ళని అడిగి రాసుకుందాం.