బస్సెక్కి పబ్బులకు

ఇంగ్లండులో పాత పబ్బులు చూడాలనుకుంటే ముందు కారు తాళాలు ఇంట్లో వదిలేయాలి. 1967 నుంచి అక్కడ డ్రైవరు రక్తంలో ఆల్కహాలు వంద మిల్లీలీటర్లకు 80 మిల్లీగ్రాములు దాటకూడదు. మన దేశంలో అది 30. ఆ 80 చూసి "అయితే ఒకటిన్నర గ్లాసు ఫర్వాలేదేమో" అని లెక్కలేసేవాళ్లు ఉంటారు. అలా లెక్కలేస్తూ కూర్చున్న మనిషి పబ్బులో ఏదీ సరిగ్గా చూడలేడు. అదీగాక, చూడదగ్గ పబ్బులు చాలావరకు మామూలు పేటల్లో, బస్టాపుకు నాలుగడుగుల దూరంలో ఉంటాయి. ఆ పేటవాళ్లతో కలిసి బస్సు దిగి వెళ్తేనే అవి ఎవరి కోసం కట్టినవో తెలుస్తుంది.

లండన్‌లో టూరిస్టులు క్యూ కట్టే పబ్బుల మాట పక్కన పెడదాం. నా ఓటు బర్మింగ్‌హామ్‌కు పడమటనున్న బ్లాక్ కంట్రీకి. బొగ్గు, ఇనుము, గొలుసులు, లంగర్లు, ఇదీ ఆ ప్రాంతం. టైటానిక్ ఓడకు దాదాపు 16 టన్నుల పెద్ద లంగరు 1911లో ఇక్కడి నెదర్టన్‌లోనే తయారైంది. 20 గుర్రాలు లాగితే గానీ అది డడ్లీ రైల్వే స్టేషనుకు చేరలేదు. ఆ స్టేషనులో ప్రయాణికుల రైళ్లు 1964లో ఆగిపోయాయి. అప్పటినుంచి దశాబ్దాలపాటు డడ్లీవాళ్లకు బస్సే దిక్కయింది. బర్మింగ్‌హామ్ నుంచి వోల్వర్‌హాంప్టన్‌కు 1999 నుంచి ట్రామ్ నడుస్తోంది. అక్కడ డడ్లీ బస్సెక్కితే దారిలో సెడ్జ్‌లీ వస్తుంది. ఇంగ్లండులో చాలా బస్సుల్లో ఒకవైపు ఛార్జీ 2025 జనవరి నుంచి మూడు పౌండ్లు దాటకుండా కట్టడి చేశారు. నాలుగైదు చోట్ల ఎక్కి దిగేవాళ్లకు రోజంతా చెల్లే టికెట్టే లాభం.

సెడ్జ్‌లీలో బీకన్ హోటల్ ఉంది. పేరుకే హోటలు. లోపల పొడుగాటి కౌంటరు కోసం వెతికితే దొరకదు. గదులన్నిటికీ నడుమ ఒక చిన్న చెక్క గూడు ఉంటుంది, ఒక్కో గది వైపు దానికి ఒక్కో చిన్న కిటికీ. బీరు కావాలంటే నడుం వంచి ఆ కిటికీలోంచి అడగాలి. పోసే మనిషి మొహం సరిగ్గా కనబడదు. చెయ్యి, గ్లాసు, చిల్లర, అంతే. ఒక్క మనిషి అన్ని గదులకూ పోయగలగాలి, కానీ ఈ గదివాళ్లు ఆ గదివాళ్ల కంటబడకూడదు. అందుకే ఈ ఏర్పాటు. మసిబట్టలతో వచ్చే కార్మికులకు గట్టి బల్లలున్న బార్. ఇస్త్రీ చొక్కావాళ్లకు మెత్తటి కుర్చీల స్మోక్ రూమ్, అక్కడ ధర కాస్త ఎక్కువ. నలుగురి కంటా పడకుండా తాగాలనుకునేవాళ్లకు స్నగ్ అనే చిన్న గది. విక్టోరియా కాలపు ఇంగ్లండులో ఎవరు ఎక్కడ కూర్చోవాలో గోడలే చెప్పేవి. తర్వాతి కాలంలో చాలా పబ్బుల్లో ఆ గోడలు కొట్టేసి ఒకే హాలు చేశారు. గోడలు మిగిలిన పబ్బుకే బస్సు ఛార్జీ పెట్టాలని నేనంటాను.

బీకన్ వెనకాలే సారా హ్యూస్ బ్రూవరీ. 1950ల్లో ఆగిపోయిన తయారీని 1987లో ఆమె మనవడు మళ్లీ మొదలుపెట్టాడు. ఇక్కడి డార్క్ రూబీ మైల్డ్ అనే బీరులో ఆల్కహాలు ఆరు శాతం. కొలిమి దగ్గర చెమటోడ్చినవాళ్లు దాహానికి తాగే మామూలు మైల్డ్‌లో మూడు, మూడున్నర శాతం ఉంటుంది. కాబట్టి ఇక్కడ అర పింటు చాలు. పింటు అంటే 568 మిల్లీలీటర్లు. అర పింటు అడిగితే నవ్వుతారేమోనన్న భయం అక్కర్లేదు, ఎవరూ నవ్వరు.

ఈ బీరు గొప్పతనంలో సగం నేలమాళిగది. పీపా బ్రూవరీ నుంచి వచ్చేసరికి అందులో ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది. మిగిలిన చక్కెర తింటూ గ్యాసు పుట్టిస్తుంటుంది. చెట్టు మీంచి దించిన కల్లు పూటపూటకూ మారినట్టే ఇదీ మారుతుంది. కాకపోతే ఇక్కడ ఆ మార్పును 11 నుంచి 13 డిగ్రీల చల్లదనంలో అదుపు చేస్తారు. పీపాను అడ్డంగా పడుకోబెట్టి, కదలకుండా ఆనించి, పైనున్న బిరడాలో స్పైల్ అనే చిన్న మేకు దిగ్గొడతారు. మొదట గాలి పోయే మెత్తటి కర్ర మేకు. దాని చుట్టూ నురగ బుసబుసా పొంగుతుంది, తుడుస్తారు, మళ్లీ పొంగుతుంది. ఆ పొంగు తగ్గాక అది పీకేసి గట్టి మేకు పెడతారు, మిగిలిన గ్యాసు లోపలే నిలవడానికి. ఎప్పుడు మార్చాలో చూసుకునేవాడి కంటికి తెలియాలి. ఈస్ట్ అడుక్కి దిగడానికి చాలామంది చేపల గాలితిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్ కలుపుతారు. అది లేకుండా చేసేవాళ్లూ ఉన్నారు గనక శాకాహారులు ముందే అడగడం మంచిది.

కుళాయి బిగించాక, బీరు తీసిన కొద్దీ ఆ ఖాళీలోకి గాలి చేరుతుంది. మూడు రోజులు దాటితే రుచి పోతుంది. తొమ్మిది గ్యాలన్ల పీపాలో 72 పింట్లుంటాయి, అవి మూడు రోజుల్లో అమ్ముడవ్వాలి. కాబట్టి ఎనిమిది చేతి పంపులు, ముగ్గురు గిరాకీలు ఉన్నచోట బీరు అడక్కండి. రెండే పంపులుండి, జనం కిటకిటలాడేచోట అడగండి.

1960ల్లో పెద్ద కంపెనీలు ఈ బాదరబందీ మనకెందుకని, వడగట్టి గ్యాసెక్కించిన కెగ్ బీరును దించాయి. దానికి వ్యతిరేకంగా 1971లో నలుగురు స్నేహితులు మొదలుపెట్టిన సంఘమే కామ్రా. అప్పటికి దేశం మొత్తంలో తమ బీరు తామే కాచుకునే పాత పబ్బులు నాలుగే మిగిలాయి. అందులో ఒకటి నెదర్టన్‌లోని ఓల్డ్ స్వాన్, డడ్లీ నుంచి చిన్న బస్సు ప్రయాణం. దీర్ఘకాలం నడిపిన డోరిస్ పార్డో పేరు మీద ఊళ్లో అందరూ "మా పార్డోస్" అనే అంటారు, "మా" అంటే అమ్మ. ముందు గదిలో కూర్చుని తల పైకెత్తాలి. తెల్లటి ఎనామెల్ పలకల పైకప్పు, మధ్యలో హంస బొమ్మ. గది నడుమ ఇనప పొయ్యి, దాని గొట్టం నిటారుగా కప్పులోకి పోతుంది. రద్దీ లేని మధ్యాహ్నం వెళ్తే ఇవన్నీ తీరిగ్గా చూడొచ్చు.

పబ్బులో బల్ల దగ్గరికి ఎవరూ రారు, మనమే వెళ్లి అడగాలి. వరస కనబడదు గానీ ఉంటుంది. మనకంటే ముందొచ్చిన మనిషిని వదిలేసి పోసేవాడు మనల్ని అడిగితే "ఆయన ముందు" అనడం మర్యాద. గుంపుగా వెళ్తే ఒక్కొక్కరు వంతులవారీగా అందరికీ కొంటారు, దాన్నే రౌండ్ అంటారు. ఆరుగురు వెళ్తే ఆరు పింట్లన్నమాట. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, ప్రభుత్వం ఆయుధ కార్మికులు తాగి పనికి డుమ్మా కొడుతున్నారని ఈ రౌండ్లనే నిషేధించింది. బస్సు యాత్రకు ఇద్దరు ముగ్గురు మించకపోవడమే మేలు.

బ్రయర్లీ హిల్‌లోని వైన్ అనే పబ్బు గురించి ఒక్క మాట: బాథమ్స్ కంపెనీ బ్రూవరీ పక్కనే ఉంది, ముఖద్వారం మీద షేక్స్‌పియర్ నాటకంలోని వాక్యం రాసి ఉంటుంది, బిటర్ అనే బీరు ఎప్పుడూ తాజాగా దొరుకుతుంది.

గదుల మాట ఇంకా పూర్తి కాలేదు. 1960ల్లో దగ్గర్లోని స్మెథిక్ ఫౌండ్రీల్లో పంజాబీలు చాలామంది పనిచేసేవారు. అక్కడి కొన్ని పబ్బుల్లో భారతీయులకు బార్‌లో పోసేవారు, స్మోక్ రూమ్‌లో పోసేవారు కాదు. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ నాయకుడు అవతార్ సింగ్ జోల్ దీనికి పబ్బు యాత్రనే ఆయుధం చేసుకున్నారు. తెల్ల విద్యార్థులను వెంటబెట్టుకుని పబ్బు పబ్బుకూ తిరిగి, ఒకే గదిలో ఎవరికి పోస్తున్నారో, ఎవరికి లేదంటున్నారో సాక్ష్యం పోగుచేసి, లైసెన్సులకు అభ్యంతరం పెట్టించేవారు. 1965 ఫిబ్రవరి 12న అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్‌ను స్మెథిక్‌కు పిలిపించి, బ్లూ గేట్స్ పబ్బుకు తీసుకెళ్లి ఈ వివక్షను కళ్లారా చూపించారు. తొమ్మిది రోజుల తర్వాత న్యూయార్క్‌లో మాల్కం ఎక్స్‌ను కాల్చి చంపారు. అదే ఏడాది వచ్చిన జాతి సంబంధాల చట్టం బహిరంగ ప్రదేశాల్లో ఈ వివక్షను నిషేధించింది. బీకన్‌లో ముచ్చటగా కనిపించే ఆ చిన్న కిటికీలను చూసేటప్పుడు నాకు ఇది కూడా గుర్తొస్తుంది.

చట్టం ఏ కట్టడాన్ని కాపాడుతుందన్నది ఇంకో కథ. బీకన్, ఓల్డ్ స్వాన్ రెండూ రక్షిత కట్టడాల జాబితాలో ఉన్నాయి. హిమ్లీ దగ్గరి క్రుకెడ్ హౌస్ పబ్బు ఆ జాబితాలో లేదు. కింద బొగ్గు తవ్వేయడంతో ఒక పక్కకు ఒరిగి, వింతగా పేరు తెచ్చుకున్న 18వ శతాబ్దపు ఇల్లది. 2023 ఆగస్టు 5 రాత్రి కాలిపోయింది, రెండు రోజుల్లో కూల్చేశారు. తిరిగి కట్టాలని 2024 ఫిబ్రవరిలో కౌన్సిల్ నోటీసిచ్చింది.

మళ్లీ పంజాబీల కథకు వస్తే, స్మెథిక్, వెస్ట్ బ్రోమ్‌విచ్‌లలో తర్వాత పబ్బులే వాళ్ల చేతికొచ్చాయి. దేశీ పబ్బులంటారు వాటిని. వెస్ట్ బ్రోమ్‌విచ్ రెడ్ లయన్‌లో దక్షిణాసియా వలసల కథను రంగుటద్దాల కిటికీగా చేయించారు. పొగలు కక్కే మిక్స్‌డ్ గ్రిల్, నాన్, పక్కన ఫుట్‌బాల్ మ్యాచ్. బర్మింగ్‌హామ్‌లో చదువుకునే మన పిల్లలకు కారం తినాలనిపిస్తే ఇంతకంటే సులువైన చోటు లేదు. డడ్లీ నుంచి బస్సులో రావచ్చు, తిరుగు ప్రయాణానికి ట్రామ్ ఉంది.

కొన్ని పాత పబ్బులు ఇప్పటికీ మధ్యాహ్నం మూసేస్తాయి. యుద్ధకాలంలో పెట్టిన ఆ మధ్యాహ్నపు విరామాన్ని చట్టం 1988లో ఎత్తేసినా వాళ్లు వదల్లేదు. ఆదివారం బస్సులు తక్కువ. సెడ్జ్‌లీకి మధ్యాహ్నం 12కల్లా చేరేలా బయల్దేరి, గ్రిల్‌ను సాయంత్రానికి అట్టిపెట్టుకుంటే ఈ దారంతా ఒక్క రోజులో సరిపోతుంది.