తోలుబొమ్మలాటకు మిడి కంట్రోలర్ ఎంపిక: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
సంగీతాన్నీ దృశ్యాన్నీ ప్రేక్షకుల ఎదుట ఏకకాలంలో నడిపే సాధనంగా మిడి కంట్రోలర్ నేటి ప్రదర్శనరంగంలో వాడుకలో ఉంది. గోదావరి డెల్టాలోని తోలుబొమ్మలాటకు ఏ రకం కంట్రోలర్ తగినదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పరికరానికున్న సౌకర్యాల సంఖ్య కన్నా, ఆడించేవారి శరీరంలో ఏ అవయవం ఆ పనికి వీలుగా ఉందన్నదే ఎంపికకు ప్రమాణమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తోలుబొమ్మలాట, మాధవపట్నం, మిడి, పాదతాడనం, ప్రదర్శనకళ.

1. ఉపోద్ఘాతం:
కాకినాడ సమీపంలోని మాధవపట్నం తోలుబొమ్మలాట కళాకారుల గ్రామంగా ప్రసిద్ధం. ప్రదర్శన నిడివి తగ్గి, వాద్యబృందం చిన్నదైనప్పుడు రికార్డు చేసిన సంగీతం సులభమార్గంగా తోస్తుంది. అయితే రికార్డుకు తనదైన కాలగతి ఉంటుంది. బొమ్మ దానికి లోబడక తప్పదు. కేతిగాడు ప్రేక్షకుల నవ్వు ఆగేదాకా నిలిచి, తరువాతి మాట అందుకునే స్వేచ్ఛ అక్కడే పోతుంది. కంట్రోలర్ ఇందుకు భిన్నం. 1983లో వెలువడిన మిడి ప్రమాణం ధ్వనిని మోయదు; ఏ మీటను ఎంత బలంతో తాకారన్న సమాచారాన్ని మాత్రమే చేరవేస్తుంది. దానితో ధ్వనినీ, దీపకాంతినీ, తెరపై చిత్రాన్నీ నడపవచ్చు. కాలగతి ప్రదర్శకుని అధీనంలోనే ఉంటుంది.

2. తెర వెనుక అవయవాల పని:
ఆంధ్ర తోలుబొమ్మలు పెద్దవి. కొన్ని నిలువెత్తు మనిషికి దగ్గరగా ఉంటాయి. మొండెపు కర్రను ఒక చేయి పట్టుకుంటే, చేతుల కదలికకు రెండవ చేయి కావాలి. కంఠం పద్యానికీ సంభాషణకూ అంకితం. మిగిలినవి పాదాలే. అవి కూడా ఊరకే లేవు. కాలి గజ్జెలు లయను నిలుపుతాయి. యుద్ధఘట్టాల్లో కాళ్ల కింది చెక్కపలకలను తొక్కి సమరధ్వనిని పుట్టిస్తారు. అంటే బొమ్మ చేతి వేటు, చెక్క చప్పుడు ఒకే దేహం నుండి ఒకే క్షణంలో వెలువడతాయి.

3. పరికరాల తారతమ్యం:
కీబోర్డు రకం కంట్రోలర్ ఇక్కడ అనవసరం. రాగాన్ని కంఠమే పలికిస్తుంది. శ్రుతికి హార్మోనియం ఉంది. అరవైనాలుగు ప్యాడ్లున్న నోవేషన్ లాంచ్‌ప్యాడ్, ఫేడర్లున్న కోర్గ్ నానోకంట్రోల్ వంటివి చేతివేళ్లను కోరుతాయి. వాటిని వాడాలంటే బొమ్మను వదలాలి, లేదా వేరొకరిని కూర్చోబెట్టాలి. రెండవ మార్గంలో దృశ్యమూ ధ్వనీ మళ్లీ ఇద్దరి చేతుల్లోకి విడిపోతాయి.

పది కాలిమీటలు, రెండు పెడళ్లు ఉన్న బెరింజర్ ఎఫ్‌సీబీ1010 మెరుగైనదిగా కనిపిస్తుంది. దాని పెడల్‌తో దీపకాంతిని క్రమంగా తగ్గించవచ్చు. కానీ దాని కాలిమీటకు తాకిడి బలం తెలియదు. మెల్లగా తొక్కినా, గట్టిగా తొక్కినా ఒకే సంకేతం. చెక్కపలకపై సైనికుని అడుగుకూ, కుంభకర్ణుని అడుగుకూ తేడా వినిపిస్తుంది. ఆ తేడాను చెరిపివేసే పరికరం ఎంత ఆధునికమైనా ఈ కళకు నష్టమే.

అందువల్ల ఉన్న చెక్కపలకకే పియెజో సెన్సర్‌ను అతికించి, డ్రమ్ ట్రిగర్ మాడ్యూల్ ద్వారా కంప్యూటర్‌కు కలపడం ఔచిత్యవంతం. అప్పుడు తొక్కుడు బలం 1 నుండి 127 వరకు గల మిడి విలువలుగా మారుతుంది. ప్రదర్శకుడు కొత్త చేష్ట నేర్వనక్కరలేదు.

4. ఒక అభ్యంతరం:
చెక్క తానే మోగుతున్నప్పుడు సెన్సర్ ఎందుకన్న ప్రశ్న సమంజసమే. గుడి ముంగిట చిన్న ప్రదర్శనకు అది అక్కరలేదు. ఆ వేటుతోనే తెరపై కాంతి మెరవాలన్నప్పుడు, పెద్ద ప్రాంగణంలో ధ్వని విస్తరించాలన్నప్పుడు మాత్రమే దాని ప్రయోజనం. అప్పుడు కూడా చెక్క సహజధ్వనిని అణచరాదు. విద్యుత్తు ఆగినా ఆట ఆగకుండా ఉండేది దానివల్లనే.

5. ముగింపు:
సంప్రదాయమా, సాంకేతికతా అన్న ద్వంద్వం ఈ సందర్భంలో సమస్యను మరుగుపరుస్తుంది. తేల్చవలసింది ఆట కాలగతి ఎవరి అధీనంలో ఉండాలన్నది. రికార్డు దానిని కళాకారుని నుండి తీసుకుంటుంది. అనుచితమైన కంట్రోలర్ ఇద్దరికి పంచుతుంది. చెక్కపలకకు అమర్చిన సెన్సర్ అతని పాదం వద్దనే ఉంచుతుంది. శిక్షణకో, ప్రదర్శనకో పరికరాలు సమకూర్చే సంస్థలు ధరల పట్టికకు ముందు ఆ పాదాన్ని గమనించడం అవసరం.